రాకెట్టు ఎగరక ముందు

బాలలూ! మెదక్ జిల్లాలో కుల్చారం అనే ఊరు ఉన్నది. ఒకనాటి కొలచెలమ ఇదేనని పండితులు చెబుతారు. సుమారు ఆరు వందల ఏళ్ళ క్రిందట ఆ ఊరి పేరు దేశమంతటా మోగింది. అది ఏ రాజు వల్లనో, ఏ కోట వల్లనో కాదు. ఒక పండితుడి వల్ల. ఆయన మల్లినాథసూరి. కాళిదాసు కావ్యాలకు ఆయన వ్యాఖ్యానాలు రాశాడు. ఈనాటికీ ఆ కావ్యాలు చదువుకునేవారు కాశీలో ఉన్నా, కంచిలో ఉన్నా, అర్థం తెలియనప్పుడు మల్లినాథుణ్ణే అడుగుతారు.

మల్లినాథుడు ఒక నియమం పెట్టుకున్నాడు. ఆధారం లేని మాట రాయడు. అక్కరలేని మాట చెప్పడు. శ్లోకం చేతికి రాగానే ఎవరు, ఏమి, ఎక్కడ, ఎట్లా, ఎందుకు అని మాటలను వరుసలో పెట్టుకుంటాడు. ఆ తరువాతే అర్థం చెబుతాడు.

రాకెట్లను గురించి చెబుతామని మల్లినాథుణ్ణి తెచ్చారేమిటా అనుకుంటున్నారా? మీకు ఇప్పుడు కొన్ని పాత ఫొటోలను గురించి చెప్పబోతున్నాం. రోదసీ యుగం మొదలైన రోజుల్లో, రాకెట్టు ఎగరటానికి ముందు, మనుష్యులు దాన్ని సిద్ధం చేస్తూ ఉండగా తీసిన ఫొటోలవి. వాటిని చూసి కొందరు నవ్వుతారు, కొందరు గొప్పలు చెప్పుకుంటారు. ఇద్దరూ తరచు పొరబడుతూ ఉంటారు. ఫొటో కూడా శ్లోకం వంటిదే. దానికి అర్థం చెప్పేముందు మల్లినాథుడి ప్రశ్నలు వేసుకోవాలి.

తారాజువ్వ రహస్యం

ముందుగా రాకెట్టు ఎట్లా ఎగురుతుందో చూద్దాం. ఒక బుడగను నిండా ఊది, మూతి ముడివేయకుండా వదిలిపెట్టండి. లోపలి గాలి వెనక్కు తన్నుకుని వస్తుంది. బుడగ ముందుకు పరుగెత్తుతుంది. దీపావళినాటి తారాజువ్వ చేసేది కూడా ఇదే. మందు మండి, వేడి వాయువులు కిందికి చిమ్ముతాయి. జువ్వ పైకి పోతుంది. ఏ తోపుకైనా అంతే బలమైన ఎదురుతోపు ఉంటుందని న్యూటను మహాశయుడు మూడు వందల ఏళ్ళకు పూర్వమే చెప్పాడు.

ఎంత పెద్ద రాకెట్టుకైనా సూత్రం ఇదే. అయితే బుడగ ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. రాకెట్టు మాత్రం అనుకున్న చోటికే పోవాలి. అందుకే అది ఎగిరే నిమిషాల కన్న ఎగరకముందు పడే శ్రమ ఎక్కువ. ఆ శ్రమకు సాక్ష్యం ఈ ఫొటోలే.

మంచులో నిలబడిన మేష్టరు

మొదటి ఫొటో 1926 మార్చి 16న అమెరికాలో ఆబర్న్ అనే ఊళ్ళో తీసింది. నేలమీద మంచు పరుచుకుని ఉన్నది. దళసరి కోటు తొడుక్కున్న మనిషి ఒకడు గొట్టాలతో కట్టిన చట్రం పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన రాబర్ట్ గొడార్డ్, కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఆచార్యుడు. చట్రంలో ఉన్నది పెట్రోలు, ద్రవరూపంలో ఉన్న ప్రాణవాయువు కలిసి మండగా ఎగిరే రాకెట్టు. ద్రవ ఇంధనంతో ఎగిరిన మొట్టమొదటి రాకెట్టు ప్రపంచంలో అదే.

ఇప్పటి రాకెట్లకు మంట కింది నుంచి వస్తుంది కదా? ఈ ఫొటోను శ్రద్ధగా చూస్తే ఇంజను పైన, ఇంధనపు తొట్లు కింద కనిపిస్తాయి. ఇంజను పైనుంటే రాకెట్టు నిటారుగా పోతుందని గొడార్డ్ అప్పట్లో భావించాడు. దానివల్ల ప్రయోజనం లేదని తరువాత తెలుసుకుని మార్చివేశాడు.

ఆ రాకెట్టు ఎగిరింది రెండున్నర సెకన్లు. పోయిన ఎత్తు 41 అడుగులు. పెద్ద కొబ్బరిచెట్టంత కూడా లేదు! ఫొటో తీసింది ఆయన భార్య ఎస్తరు. ఆమె దగ్గర కదిలేబొమ్మలు తీసే కెమెరా కూడా ఉన్నది. కాని దానికి ఒకసారి కీ ఇస్తే ఏడు సెకన్లే ఆడుతుంది. రాకెట్టు లేవబోయే సమయానికి కీ అయిపోయింది. అందుచేత రాకెట్టు ఎగురుతున్న బొమ్మ లేదు. ఎగరక ముందుది మాత్రమే మిగిలింది.

అంతకు ఆరేళ్ళ ముందు, 1920లో, న్యూయార్క్ టైమ్స్ పత్రిక గొడార్డ్‌ను ఎగతాళి చేసింది. గాలి లేని చోట రాకెట్టుకు తన్నటానికి ఆనిక ఏమున్నదని అడిగింది. రాకెట్టుకు ఆనికగా గాలి అక్కరలేదని మీకు బుడగే చెబుతుంది. అది తన్నేది తనలోంచి వచ్చే వాయువునే. చంద్రుడి మీదికి మనుష్యులను తీసుకుని అపోలో 11 బయలుదేరిన మర్నాడు, 1969 జూలై 17న, అదే పత్రిక తన మాట తప్పని ఒప్పుకుని అచ్చువేసింది. అప్పటికి గొడార్డ్ చనిపోయి దాదాపు 24 ఏళ్ళయింది.

యుద్ధం నుంచి వచ్చిన రాకెట్టు

రెండో ఫొటో 1950 జూలై 24 నాటిది. అమెరికాలో సముద్రపుటొడ్డున ఉన్న కేప్ కెనావరల్ నుంచి ఎగిరిన మొదటి రాకెట్టు అందులో ఉన్నది. దాని పేరు బంపర్ 8. ముందు భాగంలో ఫొటోగ్రాఫర్లు పొదల మధ్య ముక్కాలి పీటల మీద కెమెరాలు నిలిపి నిలబడ్డారు. రాకెట్టు వారికి ఎంత దగ్గరగా ఉన్నదంటే, ఈ రోజుల్లో అయితే అక్కడికి ఎవరినీ రానివ్వరు. రాకెట్టు ఎంత ప్రమాదకరమో మనిషి ఇంకా పూర్తిగా నేర్చుకోని కాలమది.

ఈ ఫొటోలో కనిపించని సంగతి ఒకటి ఉన్నది. బంపర్‌లో కింది భాగం జర్మనీవారు చేసిన వీ-2 రాకెట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ వీ-2లు లండన్ వంటి నగరాల మీద పడి వేలమందిని చంపాయి. వాటిని చేసే కర్మాగారంలో ఖైదీలచేత బలవంతంగా పని చేయించారు. వారిలో కూడా వేలమంది చనిపోయారు. యుద్ధం ముగిశాక అమెరికా వారూ, రష్యావారూ ఆ రాకెట్లను తీసుకుపోయి పైగాలిని పరీక్షించటానికి వాడారు. కత్తి చేతిలో ఉంటే కూర తరగవచ్చు, గొంతు కోయవచ్చు. ఫొటోలో కత్తి కనిపిస్తుంది గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందో కనిపించదు.

చెరిపివేసిన ముఖం

1957 అక్టోబరు 4న సోవియట్ రష్యా మొట్టమొదటి కృత్రిమ ఉపగ్రహాన్ని ఆకాశంలోకి పంపింది. దాని పేరు స్పుత్నిక్. తళతళలాడే లోహపు గుండు; అడ్డం 58 సెంటీమీటర్లు, బరువు 83.6 కిలోలు. ఒక పనివాడు దాని పక్కన కూర్చుని సరిచేస్తున్న ఫొటో లోకమంతా చూసింది. కాని ఆ ఉపగ్రహాన్ని పైకి పంపిన ప్రధాన నిర్మాత ఎవరో ఎవరికీ తెలియదు. సెర్గేయ్ కొరోల్యోవ్ పేరును అక్కడి ప్రభుత్వం రహస్యంగా ఉంచింది. 1966 జనవరిలో ఆయన చనిపోయిన తరువాతే ఆ పేరు బయటికి వచ్చింది.

అదే ఏడు నవంబరు 3న లైకా అనే కుక్కను రెండో స్పుత్నిక్‌లో పంపారు. బయలుదేరక ముందు తన గదిలో కూర్చున్న లైకా ఫొటోలను మీరు చూసే ఉంటారు. చెవులు నిక్కించుకుని, ఎంతో బుద్ధిగా కనిపిస్తుంది. దాన్ని వెనక్కు తెచ్చే ఏర్పాటు లేనే లేదు. అది కొన్ని రోజులు బతికిందని అప్పట్లో ప్రకటించారు. నిజానికి లోపలి వేడి ఎక్కువై కొన్ని గంటల్లోనే చనిపోయిందని 2002లో తెలిసింది.

ఇంకా వింత వినండి. రష్యా ఎంచుకున్న మొదటి రోదసీ యాత్రికులలో గ్రిగోరి నెల్యుబోవ్ ఒకడు. 1963లో అతన్ని ఆ బృందం నుంచి తీసివేశారు. తీసివేసి ఊరుకోలేదు, అందరూ కలిసి తీయించుకున్న ఫొటోలోంచి కూడా అతన్ని చెరిపేశారు!  అసలు ఫొటో తరువాత దొరకటంతో సంగతి బయటపడింది. కంప్యూటర్లు లేని రోజుల్లోనే కుంచెతో ఇంత పని చేశారంటే, ఈ రోజుల్లో మన చేతికి వచ్చే ఫొటోలను ఎంత జాగ్రత్తగా చూడాలో ఆలోచించండి.

బస్సులో ఇద్దరు

1961 ఏప్రిల్ 12 ఉదయం. రాకెట్టు నిలిపిన చోటికి ఒక బస్సు పోతున్నది. ముందు సీటులో యూరీ గగారిన్ రోదసీ దుస్తులు తొడుక్కుని కూర్చున్నాడు. మరికొద్ది సేపట్లో అతను భూమిని చుట్టి రాబోతున్నాడు. 108 నిమిషాల్లో తిరిగి వచ్చి, రోదసిలోకి పోయివచ్చిన మొదటి మనిషి అవుతాడు. అందరి కళ్ళూ అతని మీదనే నిలుస్తాయి.

మీరు మాత్రం అతని వెనక సీటు వైపు చూడండి. అక్కడ మరొకడు అవే దుస్తుల్లో కూర్చుని ఉన్నాడు. అతని పేరు గెర్మన్ టిటోవ్. గగారిన్‌కు చివరి నిమిషంలో జలుబు చేసినా, జ్వరం వచ్చినా అతని బదులు పోవాలి. అతను నేర్చినదంతా ఇతనూ నేర్చాడు. అంతా నేర్చుకుని, దుస్తులు తొడుక్కుని, గుమ్మందాకా వచ్చి ఆగిపోయాడు. టిటోవ్ అదృష్టవంతుడు, నాలుగు నెలలకే, 1961 ఆగస్టు 6న, తన వంతు వచ్చింది. అప్పటికి అతనికి ఇంకా 26 ఏళ్ళు నిండలేదు.

మన వారిలోనూ ఇట్లాంటి ఇద్దరున్నారు. 1984 ఏప్రిల్ 3న రోదసిలోకి పోయిన రాకేశ్ శర్మ హైదరాబాదులో చదువుకుని పెరిగినవాడు. ఆయనతోపాటు అంత శిక్షణా పొంది, అవసరమైతే పోవటానికి సిద్ధంగా ఉన్నవాడు రవీశ్ మల్హోత్రా. ఆయనకు పోయే వంతు రానేలేదు. పందెంలో గెలిచినవాడి పేరు అందరూ చెబుతారు. సిద్ధంగా నిలబడిన రెండోవాడు లేకపోతే పందెం జరిగేదే కాదని కొందరికే తెలుసు.

చర్చిలో రాకెట్టు

ఇక మన దేశానికి వద్దాం. మెదక్ పిల్లలకు చర్చి అంటే చెప్పనక్కర లేదు. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి గోపురం 170 అడుగులకు పైబడి ఉండి దూరానికే కనిపిస్తుంది. అటువంటి చర్చిలో కూర్చుని రాకెట్లు బిగిస్తారంటే మీరు నమ్ముతారా? కేరళలో అక్షరాలా అదే జరిగింది.

తిరువనంతపురం దగ్గర తుంబ అనే పల్లె ఉన్నది. మలయాళంలో తుంబ అంటే మన తుమ్మిపూల మొక్క. అది చేపలు పట్టేవారి ఊరు. భూమికి రెండు ధ్రువాలున్నట్లే భూఅయస్కాంతానికి కూడా ధ్రువాలున్నాయి. వాటి నడుమ అయస్కాంత భూమధ్యరేఖ ఒకటి ఉన్నది. ఆ రేఖ తుంబకు చాలా దగ్గరగా పోతుంది. ఆ రేఖ మీదుగా ఆకాశంలో, 100 కిలోమీటర్ల ఎత్తున, ఒక విద్యుత్ప్రవాహం సాగుతూ ఉంటుంది. దాన్ని పరిశోధించటానికి ఇంతకన్న మంచి చోటు దొరకదు. విక్రం సారాభాయి, హోమీ భాభా మొదలైన శాస్త్రజ్ఞులు అందుకే ఆ చోటును కోరుకున్నారు.

అయితే అక్కడ మేరీ మగ్దలీన్ చర్చి, బిషప్పు ఉండే ఇల్లు, చేపలు పట్టేవారి గుడిసెలు ఉన్నాయి. బిషప్పు పీటర్ బెర్నార్డ్ పెరీరా ఆ సంగతి జనంతో మాట్లాడి వారిని ఒప్పించాడు. తరతరాలుగా ఉన్న ఇళ్ళు వదిలి వారు వేరే చోటికి పోయారు. చర్చి కార్యాలయమైంది. రాకెట్టు భాగాలను అందులోనే బిగించారు. ఈనాడు ఆ చర్చి రోదసీ మ్యూజియంగా ఉన్నది.

1963 నవంబరు 21న మొదటి రాకెట్టు ఎగరవలసి ఉన్నది. రాకెట్టు అమెరికాది, పేరు నైకీ-అపాచీ. లోపలి పరికరం ఫ్రాన్సుది. రాకెట్టును లారీలో తెచ్చి, క్రేనుతో ఎత్తి నిలుపుతున్నారు. అంతలో అది ఒరగసాగింది! క్రేనులో నూనె కారిపోతున్నది. బాగుచేసే వ్యవధి లేదు, పొద్దు వాలుతున్నది. అప్పుడేం చేశారు? అందరూ కలిసి చేతులు వేసి, ఆ రాకెట్టును లేవనెత్తి నిలబెట్టారు. రాకెట్టు బిగింపు, భద్రత చూస్తున్న ఒక యువకుడు ఆ సంగతి తరువాత రాశాడు. ఆయనే ఎ.పి.జె. అబ్దుల్ కలాం, తరువాత మన రాష్ట్రపతి అయినవారు.

సాయంత్రం 6.25కు రాకెట్టు ఎగిరింది. సుమారు 200 కిలోమీటర్ల ఎత్తుకు పోయి సోడియం ఆవిరిని వదిలింది. పొద్దుగూకే వేళే ఎందుకు ఎంచుకున్నారో తెలుసా? అప్పుడు నేల మీద చీకటి పడుతుంది. అంత ఎత్తున మాత్రం ఇంకా ఎండ ఉంటుంది. ఎండ తగిలి సోడియం మబ్బు నారింజవన్నెలో వెలిగింది. కేరళలోనూ, పక్కనున్న తమిళ దేశంలోనూ జనం తలలెత్తి చూశారు. వేర్వేరు ఊళ్ళ నుంచి ఆ మబ్బును ఫొటోలు తీసి, అది ఎటు సాగిందో పోల్చి చూస్తే, అంత పైన గాలి ఎటు వీస్తున్నదో, ఎంత వేగంతో వీస్తున్నదో లెక్క తేలుతుంది. చూశారా! ఇక్కడ ఫొటో జ్ఞాపకం కోసం తీసింది కాదు, అదే కొలబద్ద.

సైకిలు మీద రాకెట్టు ముక్కు

తుంబ ఫొటోలలో జగత్ప్రసిద్ధమైనది 1966 నాటిది. ఫ్రాన్సు దేశపు గొప్ప ఫొటోగ్రాఫరు ఆన్రీ కార్టియే-బ్రెస్సాన్ తీశాడు. సైకిలు వెనక క్యారియరు మీద రాకెట్టు ముక్కుభాగం ఉన్నది. ఇద్దరు మనుష్యులు దాన్ని నడిపించుకుంటూ పోతున్నారు. వారిలో ఒకరు సి.ఆర్. సత్య అనే యువ ఇంజనీరు.

ఈ ఫొటో చూసి కొందరు, "అయ్యో, ఎంత పేదదేశం!" అంటారు. మరికొందరు, "సైకిలు మీద రాకెట్టు మోసి ఆకాశాన్ని జయించారు!" అంటారు. మనం మల్లినాథుడి పద్ధతిలో చూద్దాం. ఏమి? పూర్తి రాకెట్టు కాదు, దాని కొనమాత్రమే. ఎక్కడ? ఆ ఆవరణలోనే, ఒక చోటి నుంచి మరొక చోటికి. ఎందుకు? అప్పట్లో అక్కడ వాహనాలు బహు తక్కువ. వస్తువు సైకిలు మోయగలిగినంతది. అంటే మన వారికి ఉన్నదానితో పని జరుపుకోవటం తెలుసునన్నమాట. ఆ మాట నిజం. అంతకు మించి మనం కల్పించనక్కర లేదు. ఏడాది తిరిగేసరికి, 1967 నవంబరు 20న, మన వారే తయారుచేసిన రోహిణి-75 రాకెట్టు అక్కడి నుంచే ఎగిరింది. దాని అడ్డం 75 మిల్లీమీటర్లు, చిన్న గొట్టమంత. పెద్దచెట్టుకు కూడా మొదట రెండు ఆకులే వస్తాయి.

మన తీరాన శ్రీహరికోట

తుంబ నుంచి చిన్న రాకెట్లు పంపవచ్చు. అవి పైకి పోయి, కొద్ది నిమిషాల్లో సముద్రంలో పడతాయి. కాని ఉపగ్రహాన్ని భూమి చుట్టూ తిప్పాలంటే సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగం కావాలి. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతున్నది కదా? తూర్పుముఖంగా వదిలిన రాకెట్టుకు ఆ తిరుగుడు సాయపడుతుంది. మన అక్షాంశంలో ఆ సాయం సెకనుకు 450 మీటర్ల దాకా ఉంటుంది. పైగా కాలిపోయిన భాగాలు జనం మీద పడకుండా తూర్పున సముద్రం ఉండాలి. ఈ రెండూ కుదిరిన చోటు ఆంధ్రదేశంలో దొరికింది. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోట దీవి అది.

అక్కడ కూడా మనుష్యులుండేవారు. అడవిలో కందమూలాలు, తేనె, చేపలు సేకరించుకుని బతికే యానాదులకు అది పుట్టినచోటు. రాకెట్ల కేంద్రం వచ్చినప్పుడు వారిని కూడా వేరే చోట్లకు తరలించారు. శ్రీహరికోట ఫొటోల్లో రాకెట్లు కనిపిస్తాయి. యానాదుల గుడిసెలు కనిపించవు. చిత్రంలో లేనివారిని కూడా తలుచుకోవటం చదువుకున్నవారి పని.

1971 అక్టోబరు 9న రోహిణి-125 శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి రాకెట్టు. ఆ తరువాత ఉపగ్రహాన్ని మోసుకుపోగల ఎస్.ఎల్.వి.-3 తయారైంది. ఎత్తు 22 మీటర్లు. మెదక్ చర్చి గోపురంలో సగం కూడా ఉండదు. బరువు 17 టన్నులు. ఒకదానిమీద ఒకటి నాలుగు దశలు; కింది దశ కాలిపోగానే ఊడి పడిపోతుంది, పై దశ అంటుకుంటుంది. ఖాళీ అయిన మూటను దించి నడిచే బాటసారిలాగా, రాకెట్టు బరువు తగ్గించుకుంటూ పోతుంది. ఆ పథకానికి నాయకుడు కలాం గారు.

1979 ఆగస్టు 10న దాన్ని వదిలారు. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండో దశ దారి తప్పింది. 317 సెకన్లకు అంతా బంగాళాఖాతంలో పడిపోయింది. కారణం వెదికితే తేలినది ఏమిటి? దారి మళ్ళించే పరికరాలకు కావలసిన నత్రికామ్లం, ఒక కవాటం సరిగా మూసుకోకపోవటం వల్ల, ముందే కారిపోయింది. ఒక చిన్న మూత! ఏళ్ళ తరబడి చేసిన పని.

ఆ రోజు పత్రికలవారు వచ్చారు. జవాబు చెప్పవలసినది కలాం గారని అందరూ అనుకున్నారు. కాని రోదసీ సంస్థ అధ్యక్షుడు సతీశ్ ధావన్ తానే ముందుకు వచ్చి, ఆ ఓటమి బాధ్యతను తన మీద వేసుకున్నాడు. తన వారి మీద తనకు నమ్మకమున్నదని చెప్పాడు. 1980 జూలై 18న రెండోసారి వదిలినప్పుడు రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని భూకక్ష్యలో పెట్టింది. అప్పుడు ధావన్ గారు వెనక్కు తగ్గి, "పత్రికలవారితో నువ్వే మాట్లాడు" అని కలాం గారిని పంపాడు. తప్పు జరిగిననాడు ముందు నిలబడి, మెప్పు వచ్చిననాడు వెనక నిలబడ్డాడు. ఈ సంగతి కలాం గారే ఎన్నోసార్లు చెప్పారు. శ్రీహరికోట కేంద్రానికి 2002లో సతీశ్ ధావన్ పేరు పెట్టారు.

ఎడ్లబండి మీద ఉపగ్రహం

చివరి ఫొటో 1981 నాటిది. బహుశా మీ అందరి ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు దీన్ని చూసే ఉంటారు. ఎడ్లబండి మీద ఉపగ్రహం ఉన్నది! దాని పేరు ఆపిల్. వార్తలూ, మాటలూ, బొమ్మలూ ఒకచోటి నుంచి ఒకచోటికి చేరవేయటానికి మన శాస్త్రజ్ఞులు ప్రయోగంగా చేసిన ఉపగ్రహమది. బరువు సుమారు 670 కిలోలు.

"పాపం, లారీ దొరకక ఎడ్లబండి మీద మోసుకుపోయి ఆకాశంలోకి వదిలారు" అని చాలామంది చెబుతూ ఉంటారు. అది పూర్తిగా తప్పు. ఉపగ్రహం నుంచి రేడియో తరంగాలు ఎట్లా వస్తున్నాయో పరీక్షించవలసి వచ్చింది. కింద ఇనప లారీ ఉంటే ఆ లోహం తరంగాలను అటూ ఇటూ తిప్పికొడుతుంది, కొలతలు తప్పుతాయి. లోహం తక్కువగా ఉండే, అయస్కాంత ప్రభావం లేని బండి కావాలి. అది కదులుతూ తిరగగలగాలి. చాలావరకు కర్రతో చేసిన ఎడ్లబండి ఇందుకు సరిగ్గా సరిపోయింది. అంటే ఎడ్లబండి అక్కడ లేమికి గుర్తు కాదు, తెలివికి గుర్తు.

ఉపగ్రహాన్ని బండి మీద ప్రయోగశాలకు తేలేదు. పరీక్షించటానికి మాత్రమే ఎక్కించారు. అది ఆకాశానికి పోయింది మన దేశం నుంచి కాదు. 1981 జూన్ 19న దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి, ఐరోపావారి ఏరియాన్ రాకెట్టు దాన్ని మోసుకుపోయింది. దాన్ని చివరి కక్ష్యలోకి నెట్టిన మోటారు మాత్రం మన ఎస్.ఎల్.వి.-3 నాలుగో దశ నుంచి వచ్చినదే. ఒక ఫొటో గురించి ఒక ప్రశ్న సరిగా అడిగితే ఎన్ని సంగతులు తెలిశాయో చూడండి!

మీరు చేయవలసిన పని

ఇప్పుడు మన చేతిలో ఐదు ప్రశ్నలున్నాయి. ఇందులో ఉన్నవారు ఎవరు? ఇది ఎక్కడ, ఎప్పుడు తీశారు? ఏమి చేస్తున్నారు? ఎందుకు చేస్తున్నారు? ఇందులో లేనివారు ఎవరు? ఏ ఫొటో మీ చేతికి వచ్చినా ఈ ప్రశ్నలు వేయండి. జవాబు దొరకని చోట మీరే కల్పించి పూరించవద్దు. ఖాళీగా ఉంచండి. ఆధారం దొరికిన నాడు నింపవచ్చు.

మరొక పని కూడా చేయండి. మీ ఇంట్లో పెట్టె అడుగునో, గోడమీదనో పాత ఫొటోలుంటాయి. తాతగారి పెళ్ళి ఫొటో, బావి తవ్వినప్పటి ఫొటో, బడి పిల్లలందరూ వరుసగా నిలబడిన ఫొటో. వాటిని తాతయ్యకో, నాయనమ్మకో, అమ్మమ్మకో చూపించి, ప్రతి మనిషి పేరూ అడగండి. ఊరు, సంవత్సరం అడగండి. ఫొటో వెనకవైపున మెత్తని పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా రాసి పెట్టండి. సిరా అయితే ఇవతలికి ఊరుతుంది. ఫోనులో ఉన్న ఫొటోలకైనా పేరూ తేదీ జతచేసి దాచుకోవచ్చు. వరుసలో చివర నిలబడిన మనిషి పేరు ముఖ్యంగా అడగండి. ఆ పేరు ఇప్పుడు ఒక్కరికే గుర్తుండవచ్చు.